డౌన్ సిండ్రోమ్: ఆ మూడో క్రోమోజోము ఎక్కడి నుంచి వచ్చింది?

[స్క్రీన్ మీద: జతలు జతలుగా పేర్చిన క్రోమోజోముల ఫొటో]

ఈ ఫొటోలో చిన్న చిన్న పురుగుల్లా కనిపిస్తున్నవే క్రోమోజోములు. మన ఒళ్లు ఎలా తయారవ్వాలో రాసి ఉండేది వీటిలోనే. మామూలుగా 46, అంటే 23 జతలు. ఇప్పుడు చివరి వరసలో 21 నంబరు చూడండి, రెండు ఉండాల్సిన చోట మూడున్నాయి. అన్నిట్లోకీ చిన్నది అదే, అది ఒక్కటి ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్, అంటే బిడ్డ ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా సాగే, పుట్టుకతో వచ్చే స్థితి. ఈ సంగతి 1959లో పారిస్‌లో బయటపడింది.

మరి ఆ మూడోది ఎలా వచ్చింది? మనవాళ్లు ముందు నిలదీసేది తల్లినే. గ్రహణం రోజు బయటికెళ్లావా, మీ పుట్టింటివైపు ఎవరికైనా ఉందా అని! పచ్చి బాలింతని అలా అడుగుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది, ఎందుకంటే అండంలో ఈ జతలు విడిపోయే పని ఆ తల్లి తన అమ్మ కడుపులో ఉన్నప్పుడే మొదలై మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ ఏళ్ల తర్వాత అండం విడుదలయ్యే ముందు సాగుతుంది, అక్కడ ఒక్కోసారి ఒక జత విడిపోకుండా రెండూ ఒకే అండంలో ఉండిపోతాయి, తండ్రి నుంచి వచ్చే ఒకటి కలిస్తే మూడవుతాయి. ఇందులో ఆమె చేసిందేముంది? కొన్నిసార్లు తండ్రి వైపు నుంచీ వస్తుంది. తల్లి వయసుతో అవకాశం పెరిగే మాట నిజమే, 25 ఏళ్లకి సుమారు 1,250 కాన్పుల్లో ఒకటైతే 40 ఏళ్లకి సుమారు 100లో ఒకటి.

నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం ఆ అదనపు 21 వేరే క్రోమోజోముకి అతుక్కుని ఉంటుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండొచ్చు, అందుకే అప్పుడు తల్లిదండ్రులకీ టెస్టు చేయించాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డని చంకల కింద పట్టుకుని ఎత్తితే చేతుల్లోంచి జారిపోతున్నట్టుంటుంది. కండరాల్లో బిగువు తక్కువ, అందుకే పాలు తాగడం, మెడ నిలపడం, నడక అన్నీ ఆలస్యం. అరచేతిలో అడ్డంగా ఒకే గీత ఉండొచ్చు, కానీ ఆ గీత మామూలు పిల్లల్లోనూ ఉంటుంది, దాన్ని చూసి తేల్చేయకండి. రక్తం తీసి క్రోమోజోములు లెక్కపెట్టే కార్యోటైప్ టెస్టే తేల్చాలి.

గుండె విషయంలో మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది, బిడ్డ బొద్దుగా హుషారుగా ఉన్నా సరే ఎకో (గుండె స్కాన్) చేయించండి. అమెరికాలో 1983లో వీళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లు, ఇప్పుడు 60 దాకా వచ్చింది, అందులో గుండె ఆపరేషన్ల పాత్ర చాలా పెద్దది. థైరాయిడ్, చెవులు, కళ్లు కూడా చూపించాలి.

ఫిజియోథెరపీ నెలల పిల్లలప్పుడే మొదలుపెట్టండి. చాలా జిల్లాల్లో ప్రభుత్వాసుపత్రిలోనే ఇందుకోసం డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అనే కేంద్రం ఉంటుంది. మాటలు ఆలస్యమైనా, వాళ్లు పలికే దానికంటే వాళ్లకి అర్థమయ్యేది చాలా ఎక్కువ, కాబట్టి అన్నం పెడుతూ, స్నానం చేయిస్తూ మాట్లాడుతూనే ఉండండి, చేత్తో సైగ చేసి "ఇంకా కావాలా?" అని అడగండి, చాలామంది పిల్లలు నోటితో చెప్పలేని వయసులో ఆ సైగతోనే జవాబిస్తారు.