వాకిట్లో కారు కింద పని: జాకీ కొనే ముందు చూడవలసినవి

సభకు నమస్కారం.

ఇంటి దగ్గరే కారు కింద దూరి ఇంజనాయిలు మార్చుకోవడం, వదులైన సైలెన్సరు బిగించుకోవడం, బ్రేకు ప్యాడ్లు చూసుకోవడం ఇప్పుడు కడపలో వింత కాదు. కావలసిన పనిముట్లన్నీ ఫోనులో బుక్ చేస్తే గుమ్మంలోకే వస్తున్నాయి. వాటిని కొనదలచినవారు నన్ను మొదట అడిగే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: ఎన్ని టన్నుల జాకీ తీసుకోవాలి? నా ఉద్దేశంలో అది చివర అడగవలసిన ప్రశ్న. చక్రాలు నేలను వదిలాక కారు బరువు ఏ దారిన భూమికి చేరుతుందో, ఆ దారిని కింది నుంచి పైకి ఒక్కొక్క మెట్టుగా పరీక్షించుకుంటూ వస్తే, ఏ పరికరం కొనాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

కాబట్టి నేలతో మొదలుపెడతాను. ఎర్రగుంట్ల, బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్ళు మన వాకిళ్ళలోనూ కార్లు నిలిపే పోర్టికోల్లోనూ పరచుకుని ఉన్నాయి. నాపరాయి గట్టిదే, నిలువుగా మోపిన బరువును బాగా మోస్తుంది. కానీ పలచటి బండ కింద ఇసుక జారిపోయి ఖాళీ ఏర్పడితే, ఆ బండ వంగవలసి వస్తుంది, వంగడం రాతికి చేతకాదు. టైరు వెడల్పుగా ఆనుతుంది కనుక ఏళ్ళ తరబడి కారు నిలిచినా పగలని బండ, ఎత్తిన కారును మోసే ఇనుప స్టాండు కాలు మోపగానే ముందు హెచ్చరిక ఏదీ లేకుండా చిట్లవచ్చు. ఒక లెక్క చూడండి. వెయ్యి కిలోల కారులో ఇంజను ముందు ఉండడం వల్ల సుమారు 600 కిలోలు ముందు చక్రాల మీదే ఉంటాయి. ముందు భాగాన్ని రెండు స్టాండ్ల మీద నిలిపితే ఒక్కొక్క దాని మీద 300 కిలోలు పడతాయి. స్టాండు కాళ్ళు నేలను తాకే చోటు మొత్తం కలిపి 20 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 15 కిలోల ఒత్తిడి. అదే స్టాండు కింద 30 సెంటీమీటర్ల చదరం గల దళసరి ప్లైవుడ్డు ముక్క వేస్తే, ఒత్తిడి కిలోలో మూడో వంతుకు దిగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును రెండు పొరలుగా అతికించుకుంటే ఆ ముక్క తాను వంగకుండా ఉంటుంది. మీరు కొనవలసిన మొదటి పరికరం ఇదే, దాదాపు ఖర్చు లేనిది.

పని మొదలుపెట్టే ముందు బండను సుత్తి పిడితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన బండ మీద ఏ స్టాండూ నిలపకూడదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేలల్లో ఇళ్ళు ఉన్నవారు మట్టి వాకిట్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. ఆ నేల వానకు ఉబ్బి మెత్తబడుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. తారు రోడ్డు అంచు కూడా మే నెల మధ్యాహ్నం నమ్మదగినది కాదు, స్టాండు కాలు అందులోకి మెల్లగా దిగిపోతుంది.

నేల తరువాత స్టాండు. జాకీ పని ఎత్తడం, స్టాండు పని మోయడం. జాకీ మీదే కారును నిలిపి మనిషి కింద దూరడం ఎందుకు తగదో తెలియాలంటే జాకీ లోపల ఏముందో చూడాలి. చిన్న పిస్టన్ మీద వేసిన ఒత్తిడి ద్రవంలో అన్ని వైపులకూ సమానంగా వ్యాపించి, పెద్ద పిస్టన్ మీద ఎక్కువ బలంగా మారుతుందన్నది పాస్కల్ సూత్రం. దాని ఆధారంగా జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లీషు ఆవిష్కర్త 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. పిస్టన్ చుట్టూ ద్రవం కారకుండా ఆపడమే ఆ యంత్రానికి పెద్ద చిక్కు అయిందనీ, ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలు కాలరు అమర్చి దాన్ని తీర్చాడనీ చెబుతారు. నేటి హైడ్రాలిక్ జాకీ ఆ యంత్రానికి చిన్న రూపమే; తోలుకు బదులు ఇప్పుడు రబ్బరు సీలు వచ్చింది, అంతే తేడా. ఆ సీలు అరిగినా, వాల్వులో ఒక ఇసుక రేణువు ఇరుక్కున్నా నూనె వెనక్కి జారి కారు కిందికి దిగుతుంది. స్టాండులో కారిపోవడానికి ఏమీ లేదు.

స్టాండ్లలో రెండు రకాలు దొరుకుతాయి. పళ్ళకు కొక్కెం పడే ర్యాచెట్ రకం ఎత్తు మార్చుకోవడానికి వీలుగా ఉంటుంది. అడ్డంగా ఉక్కు పిన్ను దూర్చే రకంలో ఎత్తు కొద్ది మెట్లలోనే మారుతుంది. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల వ్యాపార సంస్థ తాను అమ్మిన ర్యాచెట్ స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది; కొక్కెం పళ్ళలో పూర్తిగా దిగకపోవడం వల్ల బరువు కింద స్టాండు కుంగే ప్రమాదం బయటపడింది. వాటికి బదులుగా ఇచ్చిన వాటిలో కూడా కొన్నింటికి వెల్డింగు లోపం కనబడింది. ఇంట్లో ఎప్పుడో ఒకసారి వాడేవారికి నేను పిన్ను రకాన్నే చెబుతాను. పిన్ను పోతే దాని చోట ఇంటి నిర్మాణంలో మిగిలిన కడ్డీ ముక్క దూర్చకండి. స్టాండు మీద రాసిన టన్నులు ఒక్కదానికా, జతకా అన్నది కూడా చదవాలి, ఎందుకంటే రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. స్టాండ్లకు బదులు సిమెంటు ఇటుకలు, బండ ముక్కలు పేర్చడం మన దగ్గర ఇంకా కనిపిస్తుంది; అవి మోసినంత సేపు మోసి, ఒక్కసారిగా పగులుతాయి. ఇనుము కనీసం వంగి చెబుతుంది.

ఇప్పుడు జాకీ. కారుతో పాటు డిక్కీలో వచ్చే స్క్రూ జాకీ దారిలో స్టెప్నీ మార్చడానికి మాత్రమే. బాటిల్ జాకీ చిన్నగా ఉండి ఎక్కువ బరువు ఎత్తుతుంది గానీ, దాని పీట ఇరుకు, పైగా ముడిచినప్పుడు కూడా పొడవెక్కువ; బొలెరో వంటి ఎత్తయిన బండ్లకు సరిపోయేది స్విఫ్ట్ వంటి కారు కిందికి దూరకపోవచ్చు. ఇంటికి నా ఎంపిక చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ. చిన్న కార్లకు రెండు టన్నులది చాలు, ఇన్నోవా వంటి బరువైన బండికి మూడు టన్నులది తీసుకోవాలి. టన్నుల కన్నా ముఖ్యమైనవి రెండు కొలతలు. టైరులో గాలి తగ్గి ఉన్నప్పుడు జాకీ ఆనించే చోటు నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి, జాకీ కనీసపు ఎత్తు అంతకన్నా తక్కువ ఉండాలి. దాని గరిష్ఠ ఎత్తు, మీరు స్టాండును నిలపదలచిన ఎత్తును దాటాలి. రెండో కొలత చూడకుండా కొన్నవారు జాకీ కింద చెక్క దిమ్మెలు పేర్చే పనిలో పడతారు.

ట్రాలీ జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, చాపంలా తిరుగుతూ లేస్తుంది కనుక, ఎత్తుతున్నంతసేపూ జాకీ తన చక్రాల మీద కొద్దిగా దొర్లవలసి ఉంటుంది. ఆ ఇనుప చక్రాలు బండల సందులో ఇరుక్కుంటే, దొర్లలేని జాకీ కారును పక్కకు గుంజుతుంది. పూలకుండీలూ తులసికోటా పోను వాకిట్లో మిగిలిన చోటు చాలామందికి ఇరుకేనని తెలుసు, అయినా జాకీ పిడి పూర్తిగా కదిలేంత జాగా ఉండాలి. ఇంకొక చిక్కు: కారు మాన్యువల్ చూపిన పక్క అంచు దగ్గరే జాకీ పెడితే, అక్కడ స్టాండుకు చోటు మిగలదు. ముందు వైపు మధ్యలో ఇంజనును మోసే అడ్డదూలం దగ్గర ఎత్తవచ్చునని మాన్యువల్ చెప్పిన కార్లలో అక్కడ ఎత్తి, స్టాండ్లను రెండు పక్కల అంచుల కింద పెట్టాలి. ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి, అంటే ఆయిలు సంపు, కింద జాకీ ఆనించకూడదు.

ఎత్తిన తరువాత కారు దొర్లకుండా ఆపేది ఏది అన్న విషయంలో చాలామంది పొరబడతారు. హ్యాండ్‌బ్రేకు ఎక్కువ కార్లలో వెనుక చక్రాలనే పట్టుకుంటుంది, వెనుక భాగం ఎత్తితే దానికి పట్టుకోవడానికి నేల లేదు. ముందు చక్రాలను నడిపే కారులో గేరు ముందు చక్రాలనే పట్టుకుంటుంది, ముందు ఎత్తితే అదీ పనిచేయదు. నేల మీద మిగిలిన రెండు చక్రాలకు ఇరువైపులా చెక్క అడ్డాలు వేయాలి. విప్పిన చక్రం ఉంటే దాన్ని కారు అంచు కిందికి తోసిపెట్టడం మరొక రక్షణ.

ఆయిలు మార్చడం తప్ప వేరే పని చేయనివారికి కారును నడిపి ఎక్కించే వాలు ర్యాంపులు చాలు, అయితే వాటి మీద చక్రం విప్పలేము, నున్నటి బండ మీద అవి జారుతాయి కనుక కింద రబ్బరు చాప వేయాలి. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు కొందరు పోర్టికోలో, కారు కింద దిగి పనిచేయడానికి గుంత తవ్వించమంటారా అని అడుగుతారు. పెట్రోలు ఆవిరి, వంట గ్యాసు (ఎల్పీజీ) రెండూ గాలి కన్నా బరువైనవి, గుంతలో దిగి నిలుస్తాయి. గాలి మారే ఏర్పాటు లేని గుంత ఇంటికి వద్దు.

పాత ఇనుము దుకాణంలో జాకీ కొనదలిస్తే, అక్కడే ఏదైనా బండి అంచును ఎత్తించి, పిస్టన్ మీద సుద్దతో గీత గీసి అరగంట ఆగండి. గీత కిందికి దిగితే సీలు పోయినట్టే. బాగున్న జాకీలో నూనె తగ్గితే ఇంట్లో మిగిలిన బ్రేకు ఆయిలు పోయకండి, దానికి ఈ సీళ్ళు ఉబ్బి చెడతాయి. హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలి, అదీ పిస్టన్ పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడు.