పింక్ రంగు వస్తే పని అయిపోయినట్టేనా? మోటార్ యాట్ వింటరైజింగ్ కిట్ రివ్యూ

నమస్తే అండి. చలి ముదిరేలోపు మోటార్ యాట్‌ని వింటరైజ్ చేయడానికి, అంటే గడ్డకట్టే చలికి పాడవకుండా సిద్ధం చేయడానికి, అమ్మే కిట్ ఒకటి ఈ వీడియోలో మొదటి నుంచి చివరి దాకా వాడి చూపిస్తాను. కిట్‌లో ఏముందంటే, కింద వాల్వ్ ఉన్న ఒక పెద్ద బకెట్, లోపల ఏం పారుతోందో కనిపించే హోస్, సీ స్ట్రెయినర్ (బయటి నీళ్లలోని నాచు, చెత్త ఆపే జల్లెడ) మూత తీసి ఆ స్థానంలో బిగించే రబ్బరు అడాప్టర్. అంతే. మన ముందున్నది రెండు డీజిల్ ఇంజిన్లు, ఒక జనరేటర్ ఉన్న షాఫ్ట్ డ్రైవ్ యాట్.

తీర్పు ముందే చెప్పేస్తాను. కిట్ బాగుంది, నిరభ్యంతరంగా కొనొచ్చు. కానీ మీ ఇంజిన్‌ని నిజంగా కాపాడేది ఈ కిట్‌లో రాని ఇంకో చిన్న పరికరం. దాని పేరు రిఫ్రాక్టోమీటర్, లిక్విడ్ ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో చూపించే పరికరం. అది లేకుండా ఈ కిట్ వాడితే పని సగమే అయినట్టు.

ముందు మన భయం దేని గురించో చూద్దాం. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తాయి. ఫ్రీజర్‌లో నిండుగా పెట్టిన గాజు సీసా పగిలినట్టే ఇంజిన్ వేడిని బయటి నీళ్లకి వదిలే హీట్ ఎక్స్ఛేంజర్, పంప్ బాడీ, స్ట్రెయినర్ గ్లాసు పగులుతాయి. ఇలాంటి డీజిల్ ఇంజిన్లలో రెండు నీటి దారులుంటాయి. ఒకటి లోపల తిరిగే కూలెంట్. ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం ఉంటే అది సుమారు -37 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. దాన్ని టెస్ట్ చేసి వదిలేస్తే చాలు. రెండోది బయటి నీళ్లు వెళ్లే దారి. సీకాక్ (బోటు అడుగున బయటి నీళ్లు లోపలికి వచ్చే చోట ఉండే వాల్వ్) నుంచి స్ట్రెయినర్, అక్కడి నుంచి రా వాటర్ పంప్, కూలర్లు, హీట్ ఎక్స్ఛేంజర్, నీళ్లు ఎగ్జాస్ట్ గ్యాస్‌లో కలిసే మిక్సింగ్ ఎల్బో, చివరికి మఫ్లర్ మీదుగా ఎగ్జాస్ట్. సీజన్ అంతా వాడిన నీళ్లు ఈ దారిలోనే నిలబడి ఉంటాయి. వాటిని తోసేసి, ఆ చోట యాంటీఫ్రీజ్ అనే, చలిని తట్టుకునే పింక్ లిక్విడ్‌ని బకెట్ నుంచి నింపాలి. మన పనంతా ఇక్కడే.

ఇక కిట్ వాడదాం. ఉప్పు నీళ్లలో తిరిగిన బోటు కాబట్టి ముందు మంచినీళ్లతో ఫ్లష్ చేశాం. తర్వాత సీకాక్ మూసి, స్ట్రెయినర్ మూత తీసి, బుట్టలో పేరుకున్న నాచు కడిగి, అందులో మిగిలిన నీళ్లు తోడేశాం. ఇప్పుడు అడాప్టర్ పెట్టి బిగిస్తున్నాను. ఈ అడాప్టర్ నాకు బాగా నచ్చింది. రబ్బరు మందంగా ఉంది. సైజు కొంచెం అటూ ఇటూ ఉన్న స్ట్రెయినర్లకి కూడా గట్టిగా కూర్చుంటోంది. గాలి లాగడం లేదు. హోస్‌లో బుడగలు కనిపిస్తే గాలి లాగుతున్నట్టు, అప్పుడు పంప్ సరిగ్గా తోడదు. అందుకే పారదర్శకమైన హోస్ ఇవ్వడం మంచి ఆలోచన.

ఇక్కడ ఒక హెచ్చరిక. కిట్ డబ్బా మీద ఇది చిన్న అక్షరాల్లో ఉంది, నేను పెద్దగా చెప్తాను. ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే బకెట్ వాల్వ్ తిప్పాలి. ఆపిన క్షణమే మూసేయాలి. ఇంజిన్ ఆగి ఉండగా వాల్వ్ తెరిచి ఉంటే, బకెట్ ఎత్తులో ఉంది కాబట్టి లిక్విడ్ మెల్లగా పారి మఫ్లర్‌ని నింపుతుంది. దాన్ని బయటికి తోసే ఎగ్జాస్ట్ గ్యాస్ ఉండదు కదా. మఫ్లర్ నిండితే ఆ నీళ్లు వెనక్కి, సిలిండర్లలోకి వెళ్తాయి. అలా జరిగితే ఇంజిన్ విప్పాల్సిందే. ట్యాప్ హోస్‌ని ప్రెషర్‌తో నేరుగా తగిలించినా ఇదే ప్రమాదం.

ఇంకో సంగతి, ఈ పని ఒక్కరే చేయకండి. పెద్ద డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నా ఈ బకెట్‌ని నిమిషం పట్టకుండా ఖాళీ చేసేస్తుంది. ఒకరు బకెట్ నింపుతూ ఉండాలి, ఒకరు స్టాప్ బటన్ దగ్గర ఉండాలి, ఇంకొకరు వెనక ఎగ్జాస్ట్ దగ్గర కప్పు పట్టుకుని ఉండాలి. బకెట్ ఖాళీ అయి పంప్ పొడిగా తిరిగితే లోపలి రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు తోడే బ్లేడ్ల చక్రం) చాలా త్వరగా కాలిపోతుంది. ఈ బకెట్ ఇంకా పెద్దదిగా ఇచ్చి ఉండాల్సింది. ఈ కిట్‌లో నాకు నచ్చని విషయం ఇదొక్కటే.

చూడండి, వెనక పింక్ రంగు వస్తోంది. చాలామంది ఇక్కడే ఇంజిన్ ఆపేస్తారు. ఆపకండి! ఈ రంగు డై చాలా గాఢమైనది. సగానికి సగం నీళ్లు కలిసినా కంటికి పింక్‌గానే కనిపిస్తుంది.

ఇదీ రిఫ్రాక్టోమీటర్. గాజు పలక మీద ఒక్క చుక్క వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పెట్టి చూడాలి. పైన నీలం, కింద తెలుపు, మధ్యలో గీత. ఆ గీత ఏ అంకె మీద ఉందో అదే గడ్డకట్టే డిగ్రీ. లోపల ప్రొపిలీన్ గ్లైకాల్‌కి ఒక స్కేల్, ఇథిలీన్ గ్లైకాల్‌కి ఇంకో స్కేల్ ఉంటాయి. మన పింక్ లిక్విడ్ ప్రొపిలీన్ రకం, తప్పు స్కేల్ చదవకండి.

ముందు కొత్త క్యాన్ నుంచి ఒక చుక్క. క్యాన్ మీద రాసింది మైనస్ 50 ఫారెన్‌హీట్, అంటే సుమారు -46 డిగ్రీల సెల్సియస్. కానీ గీత -11 దగ్గర ఆగింది! క్యాన్ నకిలీదని టెన్షన్ పడక్కర్లేదు. ఆ మైనస్ 50 అనేది పైపు పగలకుండా ఉండే హద్దు. లిక్విడ్ మాత్రం -10, -12 దగ్గరే ముద్దగా మారడం మొదలుపెడుతుంది. ముద్దగా అయినా వ్యాకోచించడానికి ఖాళీ దొరికినంతసేపు పైపు పగలదు. అయితే ఇందులో సగం నీళ్లు కలిశాయనుకోండి, -5 ప్రాంతంలోనే గడ్డకట్టడం మొదలవుతుంది. క్యాన్ మీద ఇచ్చిన హామీ అప్పుడు వర్తించదు.

ఇప్పుడు ఎగ్జాస్ట్ నుంచి పట్టిన కప్పు. పింక్ రంగు నిండుగా ఉంది. చుక్క వేశాను. గీత -4 దగ్గర! అంటే లోపల ఇంకా చాలా నీళ్లున్నాయి. ఇంకో బకెట్ పోద్దాం. మళ్లీ పట్టాం. ఇప్పుడు గీత కొత్త క్యాన్‌లో కనిపించిన చోటికే వచ్చింది. ఇదీ ఆపాల్సిన చోటు. ఇన్ని క్యాన్లు పోస్తే చాలని లెక్క ఎవరు చెప్పినా నమ్మకండి. ఎగ్జాస్ట్‌లో పట్టిన చుక్క, క్యాన్‌లోని చుక్క ఒకే అంకె చూపించాలి.

ఏ యాంటీఫ్రీజ్ కొనాలి? బయటికి వెళ్లిపోయే ఈ దారిలో ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రమే వాడండి. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి జంతువులు నాకుతాయి. ప్రొపిలీన్‌లోనూ మైనస్ 50 ఫారెన్‌హీట్ రకం తాగునీటి పైపులకి చాలు. ఇంజిన్లకైతే మైనస్ 100 ఫారెన్‌హీట్, అంటే దాదాపు -73 డిగ్రీల సెల్సియస్ అని రాసి ఉండే రకం నా ఎంపిక. మూలల్లో మిగిలిన కొద్ది నీళ్లు కలిసినా ఇంకా బలం మిగిలి ఉంటుంది. ఇథనాల్ కలిపిన చవక రకాలు వద్దు. అవి మండే గుణం ఉన్నవి, రబ్బరు సీళ్లని కూడా ఎండగడతాయి. క్యాన్ వెనక రాసింది చదివి కొనండి.

పెట్రోల్ ఇంజిన్ ఉండి, బ్లాక్‌లోకే బయటి నీళ్లు వెళ్లే రకమైతే ఈ కిట్ ఒక్కటే నమ్ముకోవద్దు. ఇంజిన్ వేడెక్కకపోతే థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది. పోసిందంతా బ్లాక్‌ని ముట్టుకోకుండానే ఎగ్జాస్ట్‌కి వెళ్లిపోతుంది. ముందు బ్లాక్, మ్యానిఫోల్డ్ డ్రెయిన్ ప్లగ్గులు తీసి నీళ్లు పూర్తిగా వదలండి. ప్లగ్గు తీసినా నీళ్లు రాకపోతే లోపల ఖాళీ అని అనుకోకండి, తుప్పు పొలుసు అడ్డుపడి ఉంటుంది. తీగతో పొడవండి, ఒక్కసారిగా దూకుతాయి.

ఎయిర్ కండిషనర్ విషయంలో ఈ కిట్‌కి నిండుగా మార్కులు. ఆ పంపు తనంతట తాను నీళ్లు తోడుకోలేదు. పై నుంచి పారాల్సిందే. బకెట్ ఎత్తులో పెడితే సరిపోయింది. జనరేటర్‌కి మాత్రం దాని సొంత స్ట్రెయినర్, సొంత మఫ్లర్ ఉంటాయి. దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

యాంటీఫ్రీజ్ పని అయ్యాక ఇంపెల్లర్ తీసేస్తాను. కెమెరా దగ్గరగా పెడుతున్నాను చూడండి. మామూలుగా చూస్తే బాగానే ఉంది. బ్లేడ్‌ని బొటనవేలితో పక్కకి వంచండి. బ్లేడ్ మొదలు దగ్గర వెంట్రుకలాంటి పగులు కనిపిస్తోందా? ఇది వచ్చే సీజన్‌లో విరిగే బ్లేడ్. చలికాలమంతా పంపులోనే ఉంటే, వంగి ఉన్న బ్లేడ్లు అలాగే వంకరగా ఉండిపోతాయి. ఒకవేళ బ్లేడ్ ఇప్పటికే విరిగి పోయిందంటే, కొత్తది వేసి ఊరుకోకండి. ఆ ముక్క ఎక్కడికీ పోదు, తర్వాత వచ్చే కూలర్ గొట్టాల ముందు ఇరుక్కుంటుంది. దాన్ని వెతికి తీసేదాకా ఇంజిన్ వేడెక్కుతూనే ఉంటుంది. హీట్ ఎక్స్ఛేంజర్ విప్పినప్పుడే అందులోని పెన్సిల్ జింక్ (తాను అరిగి మిగతా లోహాన్ని తుప్పు నుంచి కాపాడే కడ్డీ) కూడా చూడండి. సగం అరిగితే మార్చేయాలి.

సీకాక్‌ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. బోటు ఒడ్డు మీదకి ఎక్కించాక బాల్ వాల్వ్‌ని మూసి వదిలేస్తే, లోపలి బంతి రంధ్రంలో కాసిని నీళ్లు చిక్కుకుంటాయి. గడ్డకడితే వాల్వ్ బాడీ పగులుతుంది. పగులు సన్నగా ఉంటుంది, బోటు నీళ్లలో దించేదాకా తెలియదు. అందుకే ఒడ్డు మీద ఉన్నప్పుడు వాల్వ్ తెరిచి, కొద్దిగా యాంటీఫ్రీజ్ పోసి, నాలుగైదుసార్లు తిప్పి, తెరిచే వదలండి. చలికాలమంతా నీళ్లలోనే ఉండే బోటైతే మాత్రం మూసే ఉంచాలి, పైనున్న హోస్‌లో నీళ్లు తీసేయాలి.

ఆయిల్ సీజన్ చివర్లోనే మార్చండి. వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు ఉంటాయి, నెలల తరబడి బేరింగుల మీద అలా ఉంచడం మంచిది కాదు. డీజిల్ ట్యాంకు దాదాపు నిండుగా ఉంచి, వాటర్ సెపరేటర్‌లో నీళ్లు వదిలేసి, బయోసైడ్ వేయండి. డీజిల్, నీళ్లు కలిసే అంచులోనే సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లని జిగురుతో మూసేస్తాయి. పెట్రోల్‌కైతే స్టెబిలైజర్ వేసి, ఇంజిన్ కాసేపు నడిపి అది లోపలి దాకా చేరేలా చూడండి.

తాగునీటి వైపు ముందు వాటర్ హీటర్ కరెంటు ఆపండి. నీళ్లు లేకుండా హీటర్ ఆన్‌లో ఉంటే ఎలిమెంట్ కాలిపోతుంది. హీటర్ ఖాళీ చేసి, లిక్విడ్ అందులోకి వెళ్లకుండా బైపాస్ పెట్టి, మిగతా పైపుల్లోకి పింక్ లిక్విడ్ పంపండి. ప్రతి ట్యాప్‌లో చల్లనిది, వేడిది విడివిడిగా తిప్పండి. షవర్లు, వెనక ప్లాట్‌ఫామ్ మీది షవర్, డెక్ కడిగే ట్యాప్, ఐస్ మేకర్ కూడా. టాయిలెట్ ట్యాంకు ముందే పంప్ చేయించి, తర్వాత బౌల్లో పోసి ఫ్లష్ చేయాలి.

బ్యాటరీని చార్జ్‌లో ఉంచే మెయింటెయినర్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అది తన పని తాను చేసుకుపోయింది. పూర్తిగా చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ -50 డిగ్రీల సెల్సియస్‌కి కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినదైతే -7 చుట్టుపక్కలే గడ్డకట్టి పగులుతుంది. చార్జర్ తీశాక కొన్ని గంటలు ఆగి మీటర్ పెడితే 12.6 వోల్టులు లేదా కాస్త ఎక్కువ కనిపించాలి. లిథియం బ్యాటరీలైతే సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు.

కవర్లలో ష్రింక్ ర్యాప్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్) బిగుతుగా ఉంటుంది, మంచు జారిపోతుంది. కానీ ఒక్కసారికే పనికొస్తుంది, గ్యాస్ మంటతో వేడిచేయాలి కాబట్టి తెలిసినవాళ్లతోనే చేయించాలి. వెంట్లు పెట్టించడం తప్పనిసరి, లేకపోతే వసంతానికి లోపలంతా బూజు. ఏళ్ల తరబడి ఉంచుకునే బోటుకైతే ఫ్రేమ్ మీద క్యాన్వాస్ కవరే మేలని నా అభిప్రాయం. ఏ కవరైనా తాళ్లని, ఒడ్డు మీద బోటుని నిలబెట్టే జాక్ స్టాండ్లకి మాత్రం కట్టకండి. గాలి కవర్‌ని లాగితే స్టాండ్ జరుగుతుంది, స్టాండ్ జరిగితే బోటే పడిపోతుంది. ఎదురెదురు స్టాండ్లకి గొలుసు ఉందో లేదో కూడా చూడండి. లోపల తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెడితే సింక్‌లోనే పెట్టండి. అందులో చేరిన ద్రవం ఒలికితే లోహాన్ని తినేస్తుంది.

చివరి పని. అట్టముక్క మీద "ఇంపెల్లర్లు బయట ఉన్నాయి, హీటర్ బైపాస్‌లో ఉంది, సీకాక్‌లు తెరిచి ఉన్నాయి" అని రాసి ఇంజిన్ తాళాలకి కట్టేయండి. వసంతంలో ఆ తాళం తిప్పేది మీరే కాకపోవచ్చు, అది చదివితే ఎవరైనా ఆగుతారు. ఈ రకం కిట్ వాడినవాళ్లు మీ ఇంజిన్ మోడల్, అడాప్టర్ సరిపోయిందా లేదా, ఎగ్జాస్ట్ దగ్గర రీడింగ్ ఎంత వచ్చింది, ఈ మూడూ కింద రాయండి. అదే స్ట్రెయినర్ ఉన్న ఇంకొకరికి పనికొస్తాయి.