దూకిన మనిషి, వెనక్కి పోయిన పడవ

శ్రోతలకు నమస్కారం.

సైదాపురం పక్క పల్లెల్లో పెరిగినవాళ్లకి కాకిబంగారం, అదే అభ్రకం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వాన వెలిశాక గని దిబ్బల మీద మిలమిలలాడుతుంటే ఏరి జేబుల్లో నింపుకునేవాళ్లం. గోటితో ఒక పొర లేపితే కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. జేబంతా తళుకులు, ఇంటికెళ్తే తిట్లు. నా మాటలు మీరు పాత వాల్వు రేడియోలో వింటున్నారా? అయితే దాని కెపాసిటర్లలో కూడా అభ్రకం రేకులు ఉండే ఉంటాయి.

ఆ రేకు అంత చక్కగా ఎలా విడుతుంది? లోపల పరమాణువులు వరస తప్పకుండా పొరలు పొరలుగా కూర్చుని ఉంటాయి. ఇలా వరస కట్టిన ఘనపదార్థమే స్ఫటికం. మన కల్లుప్పూ స్ఫటికమే. బయటినుంచి ఎవరూ తాకకపోయినా, స్ఫటికంలో ఉన్న ఒక్క పరమాణువు ఆ వరసల్ని చెదరగొట్టగలదు. ఇవాళ చెప్పబోయేది ఆ సంగతే.

నల్ల అభ్రకాన్ని పలచగా చేసి మైక్రోస్కోపు కింద పెడితే, కొన్నిచోట్ల జిర్కాన్ అనే ఖనిజం గింజ చుట్టూ ముదురు రంగు వలయం కనపడుతుంది. తెల్లచీర మీద కాఫీ చుక్క పడి అంచు కట్టినట్టు. అది ఎందుకు వస్తుందో 1907లో డబ్లిన్‌లో జాన్ జోలీ అనే శాస్త్రవేత్త చెప్పాడు. గింజలో ఉన్న యురేనియం, థోరియం రేడియోధార్మిక పదార్థాలు, అంటే వాటి పరమాణువులు వాటంతటవే విరిగి ఆల్ఫా కణాలనే చిన్న ముక్కల్ని విసురుతుంటాయి. అవి అభ్రకంలోకి ఎంత దూరం దూసుకుపోగలవో అంతవరకూ రంగు మారుతుంది.

ఈ కథలో అందరికీ ఆల్ఫా కణమే కనపడుతుంది. నాకు మాత్రం దాన్ని విసిరినవాడి మీదే కన్ను.

మైపాడు ఒడ్డున పడవలోంచి ఇసుకలోకి దూకి చూడండి. మీరు ముందుకి, పడవ వెనక్కి. యురేనియం కేంద్రకం, అంటే పరమాణువు నడిమి ముద్ద, ఆల్ఫాని వదిలినప్పుడు జరిగేదీ ఇదే. మిగిలిన కేంద్రకం థోరియంగా మారి వెనక్కి తన్నుకుంటుంది. ఆల్ఫా కన్నా దాదాపు 58 రెట్లు బరువు కాబట్టి దాని వేగం తక్కువ. పరమాణువుల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. మొత్తం శక్తి సుమారు 42 లక్షల 70 వేల ఎలక్ట్రాన్ వోల్టులైతే, ఆల్ఫా 42 లక్షలు పట్టుకుపోతుంది. థోరియానికి మిగిలేది 72 వేలు. రూపాయిలో రెండు పైసలు కూడా కాదు.

అయినా ఎక్కువ ధ్వంసం చేసేది ఆ రెండు పైసలవాడే!

నాట్లేసిన మడి గుర్తు తెచ్చుకోండి. కుక్క ఈ గట్టునుంచి ఆ గట్టుకి పరిగెడితే అక్కడో మొక్క, ఇక్కడో మొక్క వాలుతుంది. బర్రె దిగి పొర్లితే ఆ చోట నాటే మిగలదు. ఆల్ఫా కణం దారిలో శక్తినంతా దాదాపు ఎలక్ట్రాన్లకే ఖర్చుపెట్టి, వెంట్రుక మందంలో నాలుగోవంతు దూరం పోయి ఆగుతుంది. అది కదిలించే పరమాణువులు వందో, రెండొందలో. థోరియం పోయేది వెంట్రుకలో కొన్ని వేలోవంతు దూరమే. ఆ కాస్తలోనే పక్కవాణ్ణి గుద్దితే వాడు ఇంకొకణ్ణి గుద్ది, దాదాపు వెయ్యి పరమాణువులు చోటు తప్పుతాయి. ఒక పరమాణువుని లేపడానికి కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టులు చాలు మరి. లేచినచోట ఖాళీ, దూరినచోట ఇరుకు. శాస్త్రవేత్తలు స్ఫటిక లోపాలనేది వీటినే.

1967లో హువాంగ్, వాకర్ అనే ఇద్దరు అభ్రకాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో నానబెట్టారు. చెదిరిన చోట్లని ఆమ్లం ముందు తినేసింది. వెనక్కి తన్నిన ఒక్కో కేంద్రకం జాడ చిన్న గుంటలా మైక్రోస్కోపుకి దొరికింది.

ఇలాంటి దెబ్బలు కోట్ల ఏళ్లు తగిలితే? మన నెల్లూరు అభ్రకం గనుల్లోనే సమర్‌స్కైట్ అనే నల్లరాయి దొరుకుతుంది, అందులో యురేనియం ఉంటుంది. పైకి స్ఫటికం ఆకారమే, పగలగొడితే గాజు విరిగినట్టు విరుగుతుంది. లోపల వరసలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి. ఇలాంటివాటికి మెటామిక్ట్ అని 1893లో నార్వే శాస్త్రవేత్త బ్రోగర్ పేరుపెట్టాడు. జిర్కాన్ అయితే ఈ దెబ్బలకి 18 శాతం దాకా ఉబ్బుతుంది. చెదిరిన పరమాణువుల్లో శక్తి కూడా దాగి ఉంటుంది. గాడొలినైట్ అనే ఇలాంటి రాయిని వేడిచేస్తే ఒక్కసారిగా తళుక్కుమని వెలగడం స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1815లోనే చూశాడు. పాపం, ఆయన కాలానికి రేడియోధార్మికత అనే మాటే లేదు. పరమాణువులు మళ్లీ వరసలోకి చేరేటప్పుడు వదిలే వేడే ఆ వెలుగు.

మోనజైట్ అనే ఖనిజానిది ఇంకో తీరు. థోరియం దండిగా ఉన్నా, దెబ్బలు తగులుతూనే ఉన్నా, చాలావరకు తనంతట తానే సర్దుకుని స్ఫటికంగానే ఉంటుంది.

అణువ్యర్థాల్ని దాచేవాళ్లకి ఈ తేడాతో పెద్ద పని ఉంది. ఆ వ్యర్థాల్లో ఉండే ప్లుటోనియం-239 సగం తరగడానికే 24 వేల ఏళ్లు పడుతుంది. దాన్ని పెట్టిన సిరామిక్ దిమ్మ అన్నాళ్లు ఉబ్బకుండా, పగలకుండా ఉంటుందా? అంతకాలం ఎవరు కూర్చుని చూస్తారు! అందుకని లేబరేటరీలో జిర్కాన్‌లోకి ప్లుటోనియం-238ని ఎక్కించారు. అది 88 ఏళ్లకే సగం తరుగుతుంది కాబట్టి దెబ్బలు త్వరత్వరగా పడతాయి. వేల ఏళ్ల నష్టం కొన్నేళ్లలోనే కళ్లముందుకొస్తుంది. ఆ లెక్క సరిపోయిందో లేదో తేల్చుకోవాలంటే మళ్లీ పాత రాళ్లలోని జిర్కాన్ గింజలతోనే పోల్చి చూడాలి. అలాంటి గింజలు మన తీరం ఇసుకలోనూ ఉన్నాయి. స్నానానికెళ్లి వచ్చాక కాళ్లకి అంటుకుని ఇంటిదాకా వస్తుంటాయి.

నమస్కారం.