రిపేరు మన ఊళ్ళో అవుతుందా?

అందరికీ నమస్తే. ఈ ఎండలో పరకాల నుంచి, జనగామ నుంచి, హుజూరాబాద్ నుంచి కూడా వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. హనుమకొండలో ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ సిస్టమ్‌లు విప్పుతూ బిగిస్తూ ఉన్నాను, ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, బ్రాండెడ్ తీసుకోవాల్నా, అసెంబుల్డ్ చేపియ్యాల్నా, ఏది తక్కువల అయితది?" బ్రాండెడ్ అంటే కంపెనీయే బిగించి అమ్మేది, అసెంబుల్డ్ అంటే విడి పార్టులు కొని బిగించినది. అడిగేవాళ్ళు దీన్ని పైసల లెక్క అనుకుంటారు. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను. మూడో ఏడాది ఏప్రిల్‌లో, వారంటీ అయిపోయాక, ఒక రోజు పొద్దున బటన్ నొక్కితే లైటు వెలగలేదనుకోండి, దాన్ని ఎవరు బాగుచేస్తారు, ఏ పార్టుతో, ఎన్ని రోజుల్లో? హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు ఇది పెద్ద బాధ కాదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతే మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది. మనకు కాజీపేటలో రైలెక్కితే 130 కిలోమీటర్లు, పోయిరావడానికి ఒక రోజు కూలి పోయినట్టే, పైగా ఆ రోజంతా దుకాణం బంద్.

మా బావమరిది సంగతి చెప్తాను. పరకాలలో డీటీపీ సెంటర్ నడుపుతాడు. కొన్నేళ్ళ కింద ఒక పేరున్న కంపెనీ చిన్న డబ్బా కొన్నాడు, సన్నగా ముచ్చటగా ఉండేది, చప్పుడు లేదు, బల్ల మీద సగం జాగా మిగిలింది. రెండేళ్ళు బ్రహ్మాండంగా పనిచేసింది. మాఘమాసం, పెళ్ళి పత్రికల సీజన్, ఒక్కసారిగా ఆగిపోయింది. నేను స్క్రూడ్రైవర్లు, ఒక కొత్త ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటర్ పార్టులకు సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా, సంచిలో వేసుకుని పోయాను, చూస్తే పోయింది ఎస్‌ఎంపీఎస్సే. అరగంట పని అనుకున్నా. కానీ మూత తీశాక చూస్తే, పార్టులన్నీ తగిలించే పెద్ద పలక ఉంటుంది కదా, ఆ మదర్‌బోర్డుకు వెళ్ళే కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, ఆరు పిన్నులది. ఎస్‌ఎంపీఎస్ ఆకారమూ వేరు, అగర్‌బత్తీల డబ్బాలా పొడుగ్గా ఉంది, బయట దొరికేది అందులో పట్టదు. నా సంచిలో కొత్త పార్టు ఉంది, నా చేతికి పని వచ్చు, అయినా ఏమీ చేయలేకపోయాను. ఆ పార్టు తెప్పించుకునేసరికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ పక్క ఊళ్ళో ఇంకొకరి సెంటర్‌లో రాత్రిపూట కూర్చుని పత్రికలు కొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నేను ఎవరికి చెప్పినా మొదట ఇదే చెప్తున్నాను: డబ్బా లోపల ఉన్నవి బజారులో దొరికే కొలతల పార్టులా, ఆ కంపెనీ ఒక్కటే చేసేవా, అది తెలుసుకోకుండా పైసలు కట్టొద్దు.

అంటే బ్రాండెడ్ వద్దని కాదు. మీసేవ నడిపేవాళ్ళు, స్కూల్ ఆఫీసులు, ఒకేసారి పది సిస్టమ్‌లు కావలసిన కాలేజీ ల్యాబులు, వీళ్ళకు నేనే బ్రాండెడ్ తీసుకోమంటాను. ఒకటే బిల్లు, ఒకటే వారంటీ, విండోస్ లైసెన్సు అందులోనే వస్తుంది. అయితే కొన్ని మోడళ్ళు విండోస్ లేకుండా కూడా అమ్ముతారు, డబ్బా మీద చదివి తీసుకోండి. కంపెనీలు ఇళ్ళకు ఒక వరస, ఆఫీసులకు ఒక వరస చేస్తాయి, ఆఫీసు వరసలో మూడేళ్ళ ఆన్‌సైట్ వారంటీ దొరుకుతుంది, అంటే ఇంజనీరు మన దగ్గరికే వస్తాడు. ఇక్కడ అడగవలసిన మాట ఒకటుంది: "ఆన్‌సైట్ మా పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా?" హనుమకొండలో ఉన్నవాళ్ళకు వచ్చేది ములుగులో ఉన్నవాళ్ళకు రాకపోవచ్చు, దుకాణంలో నోటిమాటగా "వస్తడు అన్నా" అంటే సరిపోదు, కంపెనీ నంబరుకు ఫోన్ చేసి పిన్‌కోడ్ చెప్పి కనుక్కోండి.

ఇంకో సంగతి. బ్రాండెడ్‌లో చాలాసార్లు ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, ఒకటే కర్ర పెడతారు, ఎస్‌ఎంపీఎస్ 180 వాట్లదో 200 వాట్లదో ఉంటుంది. బిల్లులు కొట్టడానికి, ఎక్సెల్‌కు అది చాలా ఎక్కువే. కానీ రెండేళ్ళ తర్వాత పిల్లవాడు ఇంజనీరింగ్‌లో చేరి గ్రాఫిక్స్ కార్డు కావాలంటే, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 లాంటి పొదుపైన కార్డు కూడా ఒక్కటే 115 వాట్లు తింటుంది, ఆ డబ్బాలో అది నడవదు. అప్పుడు మొత్తం మార్చాలి.

ఇప్పుడు అసెంబుల్డ్ వైపు. మన దగ్గర అసెంబుల్డ్ అంటే చాలామందికి ఇంట్లో తానే బిగించుకోవడం కాదు, చౌరస్తా దగ్గర దుకాణంలో చెప్పి చేయించుకోవడం. అది మంచి పద్ధతే, నేనూ అదే పని చేసి బతికాను. మరి ఎక్కడ మోసపోతారంటే, ప్రాసెసర్ ఏమిటో, ర్యామ్ ఎంతో అందరూ అడుగుతారు, ఎస్‌ఎంపీఎస్ ఏమిటని అడిగేవాళ్ళు వందలో ఒకరో ఇద్దరో. దుకాణదారుకు అది తెలుసు. సుబేదారిలో ఒక టీచరమ్మ కొడుకు కోసం మంచి ప్రాసెసర్, మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించింది, ఎస్‌ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిందే పెట్టారు. మే నెలలో ఒక సాయంత్రం ఢామ్మని పేలింది, పోతూ పోతూ మదర్‌బోర్డునూ హార్డ్‌డిస్క్‌నూ తీసుకుపోయింది. ఆ డిస్క్‌లో వాళ్ళ నాన్నగారి చివరి ఫోటోలు ఉన్నాయి. ఆవిడ నా ముందు కూర్చుని "సార్, ఫోటోలన్నా వస్తయా" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇవాళ ఈ పార్టు గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

బల్ల మీద రెండు ఎస్‌ఎంపీఎస్‌లు పెట్టాను, చూడండి. రెండిటి మీదా పెద్ద అక్షరాలతో 450 అనే ఉంది. ఇప్పుడు పక్కన అంటించిన పట్టీ చదువుదాం. అందులో ప్లస్ 12 వోల్టులు అనే గడి ఉంటుంది, దాని కింద ఆంపియర్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఈ లైను నుంచే. మొదటి దానిలో 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. అంటే 450 అని రాసుకున్న ఈ వస్తువు, అసలు పని జరిగే చోట ఇచ్చేది 192 వాట్లు. రెండో దానిలో 36. పన్నెండు ముప్పై ఆర్లు 432. ఇది నిజంగా 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. బరువు కూడా చూడండి, మొదటిది ఖాళీ డబ్బాలా తేలిపోతుంది. ఇంకా పట్టీ మీద ఇన్‌పుట్ దగ్గర 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంటే, ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ ఆన్ అయ్యి వోల్టేజీ 170కి పడిపోయినా అది తట్టుకుంటుంది. పాతరకం వాటికి వెనక ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది, 115 అనీ 230 అనీ. మన కరెంటు 230. పిల్లలు ఎవరైనా ఆ స్విచ్‌ను 115 వైపు తోసి ప్లగ్గు ఆన్ చేస్తే అక్కడికక్కడే పేలుతుంది. అలాంటిది ఇంట్లో ఉంటే ఇవాళే ఆ స్విచ్ మీద టేపు అంటించండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఎర్తింగ్ గురించి. పాత ఇళ్ళలో క్యాబినెట్‌ను చెప్పుల్లేకుండా ముట్టుకుంటే జివ్వుమంటుంది, "సిస్టమ్ షాక్ కొడుతుంది" అని తీసుకొస్తారు. సిస్టమ్‌లో తప్పు లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బా లోహానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఆ కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు దారిన పోవాలి. ఎర్తింగ్ లేకపోతే పోయే దారి లేక డబ్బా మీదే సగం వోల్టేజీ, అంటే 115 దగ్గర, నిలబడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య చూపించమనండి, రెండు మూడు వోల్టులకు మించకూడదు. యాభై వేల సిస్టమ్ కొని, దీనికి వెనకాడకండి.

వేడి, దుమ్ము. మన దగ్గర మేలో గది 42 డిగ్రీలు ఉంటుంది, రామగుండం వైపు ఇంకా ఎక్కువ. ప్రాసెసర్ 95, 100 దగ్గరికి వస్తే తనను తానే నెమ్మది చేసుకుంటుంది, జనం వైరస్ అనుకుంటారు. ఎనుమాముల మార్కెట్ దగ్గర, జిన్నింగ్ మిల్లుల పక్కన ఉండేవాళ్ళ సిస్టమ్‌లు విప్పితే ఫ్యాను రెక్కల మధ్య పత్తి నూగు దూది పరుపులా పేరుకుని ఉంటుంది, కరీంనగర్‌లో గ్రానైట్ కోసే చోట్ల అయితే తెల్లటి పొడి. అందుకే ముందు అద్దం మూసి ఉన్న రంగురంగుల లైట్ల క్యాబినెట్ కన్నా, ముందు జాలీ ఉండి, తీసి కడుక్కునే ఫిల్టరు ఉన్నది తీసుకోండి. ఇంకా, క్యాబినెట్ నేల మీద పెట్టకండి. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో వానలకు మన వరంగల్ కాలనీలు మునిగినప్పుడు నేల మీద ఉన్నవన్నీ పోయాయి, బల్ల మీద ఉన్నవి చాలా బతికాయి.

ఇప్పుడు ఐ7, అంటే ఇంటెల్ కంపెనీ పెద్ద రకం ప్రాసెసర్, అని చెప్పి అమ్మే పాత సిస్టమ్‌ల సంగతి, ఇది చాలా ముఖ్యం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి పైన ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రత ఏర్పాటు ఉండాలి. కంపెనీలు పక్కన పెట్టిన పాత డబ్బాలు తుడిచి, స్టిక్కరు వేసి, "ఐ7 అన్నా, పదిహేను వేలే" అని అమ్ముతారు. ఐ7 తర్వాత ఉన్న అంకె చదవండి. 4770 అని ఉంటే నాలుగో జనరేషన్, 2013ది. 2022లో వచ్చిన ఐ3 12100 దాన్ని సునాయాసంగా దాటిపోతుంది. అలాగే కొత్త డబ్బాలో పెట్టి ఇచ్చే హెచ్61 మదర్‌బోర్డులు, ఆ చిప్‌సెట్ 2011 నాటిది. కొత్త డబ్బాలో ఉందని వస్తువు కొత్తది అయిపోదు. నా బాధ ఏమిటంటే, వీటిని ఎక్కువగా కొనేది పైసా పైసా కూడబెట్టుకున్నవాళ్ళే.

ప్రాసెసర్ పేరు చివర అక్షరం కూడా చూడండి. ఇంటెల్‌లో ఎఫ్ అని ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5600జీ లాంటి వాటిలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, అలాంటప్పుడు 16 జీబీ ఒకే కర్రగా కాకుండా ఎనిమిది ఎనిమిదిగా రెండు వేయండి, తేడా కంటికి కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే చిప్‌ల డిస్క్, గురించి వేరే చెప్పేదేమీ లేదు, లేకుండా కొనకండి. ర్యామ్ ధరలు 2025 చివర నుంచి బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పట్టుకుపోతున్నాయి. ఇలాంటప్పుడు బ్రాండెడ్ వాళ్ళ దగ్గర పాత ధరకు కొన్న స్టాకు ఉంటే అదే చవక పడవచ్చు, కాబట్టి కొనే వారంలోనే రెండు వైపులా కొటేషన్ తీసుకోండి, పోయిన ఏడాది లెక్క పట్టుకుని రాకండి. డీటీపీ వాళ్ళకు ఒక మాట: మీ పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పాత ప్రింటర్ కొత్త విండోస్‌లో నడుస్తాయో లేదో, పైసలు కట్టకముందే ఆ దుకాణంలోనే పెట్టి చూడండి.

సొంతంగా బిగించుకోవాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మీ కోసం కొంచెం. భయపడాల్సింది ఒక్క చోటే, ప్రాసెసర్ పెట్టేటప్పుడు. మూలన బంగారు రంగు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీద గుర్తుతో అది కలవాలి, తర్వాత వేలితో నొక్కొద్దు, దాని బరువుకు అదే కూర్చుంటుంది. ర్యామ్‌కు మాత్రం బలం పెట్టాలి, రెండు చివర్లా టక్ టక్‌మని వినిపించాలి. కూలర్ కింద ప్లాస్టిక్ పొర ఉంటే తీయడం మరవకండి. ఏఎండీ ప్రాసెసర్లకు వచ్చే కొత్త ఏఎం5 బోర్డుల్లో మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, అది డీడీఆర్5 ర్యామ్‌ను సరిచూసుకుంటోంది, టెన్షన్ పడి స్విచ్ ఆపకండి.

విండోస్ క్రాక్ చేసి వేసుకోకండి. ముఖ్యంగా బ్యాంకు పనులు, ఆధార్ కాగితాలు, డిజిటల్ సంతకాలు ఆ సిస్టమ్‌లోనే చేసేవాళ్ళు, అక్కడ ఉన్నవి మీ ఒక్కరివే కావు, మీ దగ్గరికి వచ్చే జనానివి. లైసెన్సు కొనే స్తోమత లేకపోతే ఉబుంటు ఉంది, పైసా ఖర్చు లేదు, తెలుగు కూడా చక్కగా టైప్ అవుతుంది.

బిల్లు విషయం. అసెంబుల్డ్‌లో ప్రతి పార్టుకూ వారంటీ వేరు, ప్రాసెసర్‌కు మూడేళ్ళు, మంచి ఎస్‌ఎంపీఎస్‌కు ఐదేళ్ళ దాకా కూడా. "కంప్యూటర్ ఒకటి" అని రాసిన చిట్టీతో ఏదీ రాదు. జీఎస్టీ బిల్లు తీసుకోండి, ప్రతి పార్టు పేరూ సీరియల్ నంబరూ అందులో రాయించుకోండి, ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ బిల్లు కాగితం మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి మాసిపోతాయి. ఖాళీ డబ్బాలు అటక మీద దాచుకోండి.

ఇక చాలు, మిగతాది చేతితో చూసుకుంటే అర్థమవుతుంది. ఈ క్యాబినెట్ మూత తీస్తున్నాను. ముందు వరసలో వాళ్ళు వచ్చి రెండు ఎస్‌ఎంపీఎస్‌లూ చేతుల్లోకి తీసుకుని పట్టీలు చదవండి, వెనకవాళ్ళకు అందించండి. ర్యామ్ ఎవరు పెడతారు? రా అమ్మా, నువ్వే రా. ముందు ఈ ఇనుప అంచును ఒకసారి ముట్టుకో, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ఆఁ, ఇప్పుడు ఈ గాడి ఎటు ఉందో చూడు.