ఎంగిలికి చోటెక్కడ?

వేదిక మీది పెద్దలకు, ఆచార్యులకు, విద్యార్థులకు నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను సవరల నోటి నుంచే నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేశారు. ఏ మాటనైనా దాన్ని వాడేవాళ్లను అడిగే తేల్చుకోవాలని చెప్పుకునే అవకాశం ఆయన జయంతినాడే నాకు కల్పించినందుకు నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి.

లోకంలో ఏయే రకాల సంగతులున్నాయో, వాటి మధ్య ఏయే సంబంధాలున్నాయో యంత్రం తర్కించగలిగే తీరులో రాసిపెట్టిన వర్గాల చట్రాన్ని ఆంటాలజీ అంటారు. ఏ ఒక్క రంగానికో కాక సమస్త విషయాలకూ పనికిరావాలని కట్టినవి సాధారణ ఆంటాలజీలు. డగ్లస్ లెనాట్ 1984లో అమెరికాలో మొదలుపెట్టిన సైక్ అలాంటిదే. తర్వాత వచ్చిన సుమో అనే ఆంటాలజీ, ఉన్నవాటన్నిటినీ ముందుగా భౌతికం, అమూర్తం అని రెండుగా చీలుస్తుంది. 2021లో అంతర్జాతీయ ప్రమాణమైన బీఎఫ్ఓ (బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ), కొనసాగేవి, జరిగేవి అని చీలుస్తుంది.

ఈ చట్రాలు నిత్యజీవితంలోని భావాలను ఎంతవరకు పట్టగలవో చూపడానికి ఎంగిలి, తోడు, వరస అనే మూడు మాటలతో వచ్చాను. అయితే మొదటి మాట దగ్గరే నాకు చాలాకాలంగా ఒక బాధ ఉంది. అది చెప్పకుండా ముందుకు సాగలేను. చాలా ఏళ్ల క్రితం నేను చేరిన ఒక పదకోశం పనిలో, ప్రతి తెలుగు మాట పక్కనా ఇంగ్లీషు సమానార్థకానికి ఒక గడి ఉండేది. గడి నిండని మాటను తీసేసేవారు. ఎంగిలిని పోగొట్టుకోవడం ఇష్టంలేక, ఆ గడిలో ఉమ్మికి ఇంగ్లీషులో ఉన్న మాటను నా చేత్తో నేనే రాశాను. ఫలితంగా ఎంగిలి చెమట, కన్నీళ్ల పక్కన శరీర ద్రవాల్లో చేరింది.

ఆ వర్గీకరణను మా నాయనమ్మ ఒక్క జామకాయతో కొట్టిపారేసేది. చిన్నప్పుడు మేం కాయను చొక్కా అంచులో చుట్టి, గుడ్డ మీంచి కొరికి, ముక్కను పక్కవాడికి ఇచ్చేవాళ్లం. అది కాకెంగిలి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. గుడ్డ లేకుండా కొరికితే మాత్రం పన్ను తగలని రెండో వైపు కూడా ఎంగిలే. ముందే కత్తితో కోసి పక్కన పెట్టిన చెక్క ఎంగిలి కాదు. చిలక కొట్టిన కాయనైతే తియ్యగా ఉంటుందని ఏరుకుని మరీ తింటాం. చెంబు ఎత్తి నీళ్లు గొంతులో పోసుకుంటే చెంబుకు ఎంగిలి అంటదు. కడిగితే కంచానికి ఎంగిలి పోతుంది, అందులోని అన్నానికి పోదు. అన్నం కలిపిన చేత్తో గరిటె ముట్టుకున్నామో, గిన్నెలో పప్పంతా ఎంగిలి చేశారని నాయనమ్మ కేకలేసేది.

ఇప్పుడు దీన్ని చట్రంలో పెట్టి చూడండి. వస్తువు అందామంటే ఎంగిలి అనే వస్తువు విడిగా ఎక్కడా లేదు. గుణం అందామంటే, జామకాయ రంగులాగా అది అందరికీ ఒకటి కాదు. నేను కొరికింది మీకు ఎంగిలి, నాకు కాదు. బీఎఫ్ఓలో 'పాత్ర' అనే వర్గం ఉంది. వస్తువు మారకుండానే, అది ఉన్న సందర్భాన్ని బట్టి దానికి వచ్చే హోదా అది. పాలల్లో వేసిన చెంచాడు పెరుగు తోడు కావడాన్ని అందులో చక్కగా ఇమడ్చవచ్చు. ఎంగిలి కూడా కొంతవరకు ఇముడుతుంది గాని, చేతి నుంచి గరిటెకు, గరిటె నుంచి పప్పుకు పాకే పాత్రను చెప్పాలంటే అదనపు నియమాలు రాసుకోవాలి. తిన్నవాడికీ, వస్తువుకూ, తినబోయేవాడికీ మధ్య ఉన్న సంబంధంగా రాసినప్పుడే, ఏది ఎంగిలి, ఏది కాదు అన్న పై ప్రశ్నల్లో ఎక్కువవాటికి సరైన జవాబు వస్తుందని నా అభిప్రాయం.

అప్పటికీ లొంగనివి ఉన్నాయి. తెలంగాణలో పెత్రమాస నాటి మొదటి బతుకమ్మను ఎంగిలిపూల బతుకమ్మ అంటారు. ముందురోజే కోసి ఉంచిన పూలు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పేవారున్నారు. ఆ పూలను ఏ నోరూ తాకలేదు. ఇంకొకటి మరింత బరువైన సంగతి. మన పల్లెల్లో టీ కొట్ల దగ్గర దళితులకు వేరే గ్లాసులు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి మీకు తెలుసు. ఎంత కడిగినా పోదని కొందరు నమ్మిన ఆ అంటును యంత్రం శుభ్రత కింద నమోదు చేస్తే, ఒక అన్యాయాన్ని ఆరోగ్య సూత్రంగా రాసిపెట్టినట్టే అవుతుంది.

విద్యార్థులారా, ఆంటాలజీని పరీక్షించేటప్పుడు మాటకు గడి దొరికిందా అని చూసి ఊరుకోకండి. ఆరేళ్ల పిల్లవాడు తడుముకోకుండా చెప్పే జవాబు యంత్రం చెప్పగలదా అని చూడండి. చెప్పలేకపోతే చట్రాన్ని మార్చండి, మాటను కొట్టివేయకండి. మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించినవారు ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని ఆరు పదార్థాలు, అంటే ఉన్నవాటి వర్గాలు, చెప్పారు. నేల మీద కుండ లేదన్న మామూలు మాటకు ఆ ఆరింటిలో చోటు చాలకపోతే, తర్వాతివారు అభావాన్ని ఏడో పదార్థంగా చేర్చారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఏడూ కనిపిస్తాయి.

వరస గురించి మాట్లాడటానికి వ్యవధి లేదు. మీ చేతుల్లో ఉన్న తెల్లకాగితం మీద మీ ఇంట్లో వాడే మాట ఒకటి, దాని గురించి అవును, కాదు అని జవాబు చెప్పదగిన నాలుగు ప్రశ్నలు రాసి, వెళ్లేటప్పుడు దయచేసి నాకు ఇవ్వండి. మేనమామ కొడుకునూ అక్క మొగుణ్ణీ కూడా బావా అని పిలిచేవారు ఎవరైనా ఉంటే, వారు ఆ మాటే రాయాలని నా విన్నపం.