మంచు తొలిచిన పింగాణీ

శ్రోతలందరికీ నమస్కారం. చిన్నప్పుడు పుల్ల ఐసును గట్టిగా పీల్చేస్తే ఏమయ్యేదో గుర్తుందా? రంగూ తీపీ నోట్లోకి వచ్చేసి, పుల్లకు తెల్లటి మంచుముక్క మిగిలేది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు తమలో కలిసిన చక్కెరను పక్కకు నెట్టేస్తాయి, ఆ పాకం మంచు పలుకుల సందుల్లో ఉండిపోతుంది, అందుకే పీలిస్తే వచ్చేస్తుంది.

చక్కెర బదులు మెత్తటి పింగాణీ పొడి కలిపితే? ఫ్రీజ్ కాస్టింగ్ అంటే అదేనండి. అల్యూమినా లాంటి పొడిని నీళ్లలో కాస్త బంకతో కలిపి, జావలా చేసి అచ్చులో పోస్తారు. అచ్చు అడుగున రాగి కడ్డీ, దాని రెండో కొస మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో. చలి కింది నుంచి వస్తుంది కాబట్టి మంచు పలుచటి రేకులుగా పైకి లేస్తూ, పొడిని సందుల్లోకి తోసేస్తుంది. త్వరగా గడ్డకడితే సన్నటి రేకులు, నిదానంగా అయితే మందపు రేకులు. మరీ నిదానిస్తే పొడినంతా ముందుకు నెట్టుకుపోతుంది, పొరలే ఏర్పడవు.

ఇక మంచును తీసెయ్యాలి, కానీ కరగకూడదు, కరిగితే మళ్లీ జావే. హారతి కర్పూరం తడి కాకుండానే డబ్బాలో తరిగిపోతుంది కదా, గాలి తీసేసిన గదిలో పెడితే మంచూ అలాగే ఆవిరైపోతుంది. మిగిలినదాన్ని బట్టీలో, అల్యూమినా అయితే సుమారు 1500 డిగ్రీల దగ్గర, కాలిస్తే రేణువులు అతుక్కుని గట్టిపడతాయి. మంచు ఉన్న చోటల్లా ఖాళీ.

కర్పూరం మాట ఊరికే తేలేదు. దాని దగ్గరి చుట్టం క్యాంఫీన్‌ను నీళ్ల బదులు వాడతారు. అది 45 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకడుతుంది, అంటే వేడిచేసి పొడి కలిపి గదిలో వదిలితే చాలు, తర్వాత మామూలు గాలికే ఎగిరిపోతుంది! నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఇదంతా ఎందుకంటే, దెబ్బతిన్న ఎముక స్థానంలో పెట్టే ముక్కల కోసం. 2006లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ శాస్త్రవేత్తలు మన ఎముకల్లో ఉండే ఖనిజం, హైడ్రాక్సీఅపటైట్‌తో ఇలాంటి గుల్ల ముక్కలు చేశారు. ఒంట్లోని ఎముక కణాలు ఆ ముక్క లోపలికి పాకడానికి దారులు కావాలి, కానీ గుల్లచేస్తే బలం తగ్గుతుంది, అదీ చిక్కు. ఈ పొరలన్నీ ఒకే దిక్కుకు నిలబడి ఉంటాయి కాబట్టి ఆ దిక్కున బరువును బాగా మోస్తాయి, అడ్డంగా నొక్కితే అంత తట్టుకోవు. అందుకే బరువు ఎటు నుంచి పడుతుందో ముందే చూసుకుని, అటువైపే మంచును పెంచుతారు.