మిర్చి బస్తా ఎవరి సంతకం కోసం ఆగింది?

అందరికీ నమస్కారం. గుంటూరులో నిలబడి దేశ సరిహద్దు గురించి మాట్లాడమంటే నాకు ముందు మిర్చే గుర్తొచ్చింది. మన ఎండుమిర్చి ఎప్పటినుంచో లారీల్లో బంగ్లాదేశ్‌కు వెళ్తోంది. 2020లో లాక్‌డౌన్‌తో రోడ్డు దారి కష్టమైతే, రెడ్డిపాలెం నుంచి ప్రత్యేక పార్సిల్ రైల్లో 384 టన్నులు బంగ్లాదేశ్ సరిహద్దు ఊరు బేనాపోల్ చేరాయి.

బేనాపోల్‌కు ఇవతల మన పెట్రాపోల్. అక్కడ 'బోర్డర్ ఆఫీసు' అని ఒకటి ఉంటుందనుకుంటాం. ఉండదు. సరుకు కాగితాలు చూసి వదిలే కస్టమ్స్‌ది ఆర్థిక శాఖ. పురుగూ తెగులూ లేదని సర్టిఫికెట్ ఇచ్చేది వ్యవసాయ శాఖ. పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టే ఇమిగ్రేషన్, తుపాకీ పట్టుకుని కాపలా కాసే బీఎస్‌ఎఫ్ రెండూ హోంశాఖవే. అయినా ఒకరి పైఅధికారి రెండోవాళ్లకు ఏమీ కాడు. ఒక్క కోడలు, నలుగురు అత్తలు!

దీన్ని చక్కదిద్దాలనే 2010లో చట్టం చేసి, 2012లో ల్యాండ్ పోర్ట్స్ అథారిటీ పెట్టారు. షెడ్లు, గోదాములు, పార్కింగ్ దాని చేతిలో ఉంటాయి. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించే బాధ్యతా దానిదే. కానీ కస్టమ్స్ ఆఫీసరును బదిలీ చేసే అధికారం దానికి లేదు. బదిలీ చేయలేనివాడి మాట ఎంతవరకు చెల్లుతుందో ఉద్యోగాలు చేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

బీఎస్‌ఎఫ్ 1965 డిసెంబర్ 1న పుట్టింది. అంతకుముందు పాకిస్తాన్ సరిహద్దులో చాలాచోట్ల రాష్ట్రాల సాయుధ పోలీసులే కాపలా కాసేవారు. ఆ ఏడాది యుద్ధం తర్వాత అది చాలదని తేలింది. ఇంకో విచిత్రం చూడండి: మయన్మార్ వైపు ఉండే అస్సాం రైఫిల్స్‌కు పరిపాలన హోంశాఖది, ఆజ్ఞలు సైన్యానివి.

బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096 కిలోమీటర్లు. కంచె సరిగ్గా గీత మీద ఉండదు, సాధారణంగా 150 గజాలు ఇవతల వేస్తారు. దాంతో మన రైతుల పొలాలే కొన్ని కంచె అవతల పడ్డాయి. పొద్దున్నే రైతు కొడవలి పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. గుర్తింపు కార్డు ఇచ్చి, రిజిస్టర్‌లో పేరు రాయించుకుని వెళ్తాడు. గేటు మూసేలోపు తిరిగి రావాలి. తాళం జవాను దగ్గర ఉంటుంది. దొంగసరుకు దాటిపోతే విచారణ ఆ జవాను మీదికే వస్తుంది. రైతుకు పూట పని పోతే ఏ ఫైలూ కదలదు. మరి తాళం తొందరగా ఎందుకు తెరుచుకుంటుంది? జవాను చెడ్డవాడని కాదు, అతని టెన్షన్ అతనిది.

మన లారీ సంగతీ అంతే. అనుమానమున్న బస్తాను వదిలితే మెమో ఆఫీసరుకి, ఒకరోజు ఆపితే ఖర్చు వ్యాపారికి. అందుకే మిర్చి యార్డులోవాళ్లకు ఒక్కటే చెబుతాను. 'బోర్డర్‌లో ఆగింది' అని ఫోన్ చేస్తే ఎవరూ పలకరు. ఎవరి సంతకం కోసం ఆగిందో డ్రైవర్‌ను అడిగి, ఆ శాఖకే చేయండి.